ఏ డిస్కు మాట్లాడుతోంది

మార్చి 4

ఈ పుస్తకం కొని ఏడాదయింది. ఇన్నాళ్ళూ ఒక్క అక్షరం రాయలేదు. ఇప్పుడు మాత్రం రాయవలసినంత కొంప ఏం మునిగిందని? రేపు విచారణాధికారి ముందు మాట తడబడకూడదు. అందుకే చెప్పవలసినది ఒకసారి వరుసగా రాసి చూసుకుంటాను.

మా కేంద్రంలో, ఆపరేషన్‌లో గొంతు పోబోయే వాళ్ళ మాటలు ముందుగానే రికార్డు చేసి దాస్తాం. ఒక్కొక్కరి చేత మూడు రోజులపాటు మూడు వందల వాక్యాలు చదివిస్తాం. తర్వాత వాళ్ళు టైపు చేస్తే మిషను వాళ్ళ గొంతుతోనే మాట్లాడుతుంది. రికార్డు చేసేది బావ, అంటే మా అక్క మొగుడు. దాచే ప్రోగ్రాము నాది. పదిహేనేళ్ళుగా అక్కడ పని చేస్తున్న బావే నన్ను చేర్పించాడు.

గొంతులన్నీ రెండు డిస్కుల్లో ఉంటాయి. మిషను పైగూడు డిస్కులో ఏముందో కిందిగూడు డిస్కులోనూ అదే ఉంటుంది. ఒకటి పాడైతే దాన్ని తీసేసి, కొత్తది పెట్టి, మంచిదాని నుంచి నకలు చేసుకోవాలి. గత నెల ఇరవయ్యో తేదీన ఒక డిస్కు పాడవడం మొదలైంది. నా ప్రోగ్రాము జరిగిందంతా లాగులో, అంటే మిషను తన పనులు నమోదు చేసుకునే ఫైల్లో, వరుసలుగా రాసింది: బ్లాకు (డిస్కులో ఒక ముక్క) చదివాను, బ్లాకు చదవలేకపోయాను, మళ్ళీ ప్రయత్నిస్తున్నాను. ఏ డిస్కో మాత్రం రాయలేదు. నేను దాన్ని రాసిననాడు ఉన్నది ఒక్కటే డిస్కు. ఇంట్లో ఒక్కడే ఉన్నప్పుడు దగ్గింది ఎవరని అడిగేవాళ్ళుంటారా?

బావ పైది తీశాడు. పాడైంది కిందిది.

మనుషుల గొంతులు బయటికి పోకూడదని, తీసిన డిస్కుని అదే రోజు వేరే మిషనులో పెట్టి చిల్లులు పొడవాలన్నది నియమం. బావ నియమం తప్పే మనిషి కాదు. సాయంత్రం నకలు సగంలో ఉండగా కిందిది పూర్తిగా చచ్చిపోయింది. నలభై ఒక్క మంది గొంతులు పోయాయి. వాళ్ళందరికీ ఆపరేషన్లు అయిపోయాయి.

ఆ రోజు నేను సెలవులో ఉన్నాను. బావ ఫోన్ చేసి అడిగి ఉండాల్సింది.

మార్చి 5

ప్రతి వరుసకీ ముందు డిస్కు పేరు రావాలని డైరెక్టరు చెప్పారు. వారం గడువిచ్చారు. సందేశాలు రాసిన చోట్లు అరవై మూడున్నాయి. ఇవాళ ఇరవై దాకా మార్చాను. ఒక్కోచోట మార్పు పది అక్షరాలు కూడా ఉండదు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకున్నామని డైరెక్టరు అన్నారు. ‘తెచ్చుకున్నాం’ అంటే ఎవరో చెప్పలేదు. నేనూ అడగలేదు.

విచారణాధికారి మర్యాదస్తుడు. టీ తెప్పించాడు. "లాగులో పేరు ఉండాలని ఇంతకుముందు ఎవరైనా అడిగారామ్మా?" అన్నాడు.

"నాకు గుర్తున్నంతవరకు లేదండీ."

రాసుకున్నాడు. అడగందే అమ్మయినా పెట్టదు కదా.

మార్చి 6

అక్క బావతో మాట్లాడడం లేదు. నాతో మాట్లాడుతోంది.

మార్చి 7

అక్క కూరగాయలు తరుగుతూ, బావకి వినబడాలనే గొంతు పెంచింది. "చెల్లెలు అక్కడ తలెత్తుకు తిరుగుతుంటే ఈయనకి కన్నుకుట్టింది. కాస్త ఆగి, దాన్నో మాట అడుగుదామన్న జ్ఞానం ఉండొద్దూ?"

బావ హాల్లో కూర్చుని ఇస్త్రీ చేసుకుంటున్నాడు. సస్పెండయిన మనిషికి ఇస్త్రీ చొక్కా దేనికో నాకర్థం కాలేదు. "ఉండాలి" అన్నాడు. అంతే.

నేను ఏదో ఒకటి అనవలసింది. "పోనీలే అక్కా" అన్నాను. అలా అన్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. దయగల మరదలిననుకున్నాను.

ప్రోగ్రాములో మార్పులు కావాలని సిబ్బంది రాసిపెట్టే పాత అభ్యర్థనల జాబితాలో ఏముందో చూస్తే మంచిదని ఒక ఆలోచన వచ్చింది. ఈ పనికీ దానికీ సంబంధం లేదు. ముందు అరవై మూడు చోట్లూ పూర్తి కానీ.

మార్చి 9

ఇవాళ గొప్ప సంగతి కనిపెట్టాను!

పేర్లు పెట్టాక పరీక్షిద్దామని మిషను ఆపి మళ్ళీ పెట్టాను. డిస్కుల పేర్లు తారుమారయ్యాయి. మిషను పేరు పెట్టే పద్ధతి అది: ముందు లేచినది ‘ఎ’, తర్వాత లేచినది ‘బి’. నిన్న ‘ఎ’ అయినది ఇవాళ ‘బి’ కావచ్చు. అంటే లాగులో పేరు ఉన్నా బావ పొరబడేవాడే! ‘ఎ’ పాడైందని లాగు చెబితే, ఈయన పాత అలవాటు కొద్దీ పైగూడే తీసేవాడు. పేరు లేకపోవడం వల్ల వచ్చిన నష్టం ఏమీ లేదు.

నాలుగు పేజీల నోటు రాసి విచారణాధికారికి పంపాను. పనిలో పనిగా, ఇక మీదట మిషను పెట్టే పేరు కాకుండా డిస్కు ఒంటి మీద అచ్చేసి ఉన్న నంబరే లాగులో వచ్చేలా రాస్తున్నాను. అది మిషను ఎన్నిసార్లు లేచినా మారదు, ఏ గూడులో పెట్టినా మారదు. చక్కటి పని. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

ఈ సంగతి బావకి చెప్పబోయి, చివరి నిమిషంలో ఆగాను. ‘నీ తప్పు ఎలాగూ జరిగేదే’ అని చెప్పి ఏ ముఖంతో సంతోషపడమనను?

మార్చి 10

బావ డిస్కు తీసేనాటికి మిషను ఒక్కసారి కూడా ఆగకుండా రెండు వందల పదకొండు రోజులుగా నడుస్తోంది. పేర్లు తారుమారు కాలేదు. పేరు ఉండి ఉంటే సరైన పేరే ఉండేది.

పంపిన నోటు వెనక్కి తీసుకోలేదు.

మార్చి 13

రిపోర్టు వచ్చింది. డైరెక్టరు గదిలో నిలబడే చదివాను. ‘ఏ డిస్కు పాడైందో నిర్ధారించుకోకుండా, కేవలం దీపాలు మినుకుమనడాన్ని బట్టి నిర్ణయం తీసుకోవడం ఆపరేటరు నిర్లక్ష్యం’ అని రాశారు. నా నోటును అనుబంధంగా జతచేశారు. బావను ఉద్యోగంలోంచి తీసేశారు.

ప్రతి గూడు ముందూ ఒక చిన్న ఆకుపచ్చ దీపం ఉంటుంది. ఎక్కువగా కొట్టుకుంటున్న దీపం వెనకున్న డిస్కే అవస్థ పడుతోందని బావ అనుకున్నాడట. నిజానికి కిందిది చేతులెత్తేయడంతో పైది రెండింటి పనీ ఒక్కటే చేస్తోంది. అందుకే దాని దీపం అంతలా కొట్టుకుంది. బావ పనిచేస్తున్నదాన్ని తీసి చిల్లులు పొడిచాడు.

దీపాలు చూసి ఎవరైనా తేలుస్తారా అని డైరెక్టరు ఆశ్చర్యపోయారు. "ఎవరు నేర్పారో ఈ విద్య!" అన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకుండానే "నాకు తెలియదండీ" అన్నాను.

ఇంటికి వచ్చేసరికి అక్క నా గదిలో కూర్చుని ఉంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నా చేతులు పట్టుకుంది. "ఆయన తరఫున నేను అడుగుతున్నానే, మనసులో పెట్టుకోకు. నువ్వు కష్టపడి కట్టుకున్నదాన్ని చెడగొట్టాడు" అంది.

నేను అక్కను క్షమించాను. ఇది ఇక్కడ రాయకపోతే నేను మనిషినే కాదు. నిజంగానే, తల నిమిరి, క్షమించాను.

మార్చి 14

ఏమీ లేదు.

మార్చి 17

బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని రోజూ తొమ్మిదింటికి బయల్దేరుతున్నాడు. సాయంత్రం వస్తున్నాడు. కొత్త ఉద్యోగం వెతుక్కుంటున్నాడని అక్క అనుకుంటోంది.

ఇవాళ డైరెక్టరు నా బల్ల మీద ఒక ఉత్తరం పడేశారు. మా దగ్గర గొంతు దాచుకున్న ఒక పెద్దాయన భార్య రాసింది. ‘మీ రికార్డింగు ఆయన మా ఇంటికి వచ్చారు. గొంతు పోయిన సంగతి మీ ఆఫీసు కాగితంలో చదివినప్పుడు మాకు చాలా కోపం వచ్చింది. ఆయన వచ్చి, పోగొట్టింది నా చెయ్యేనండీ అని ఎదురుగా నిలబడి చెప్పారు. మా ఆయన ఆయన్ని కూర్చోబెట్టారు. మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయారు. ఇంకా చాలా ఇళ్ళు ఉన్నాయన్నారు.’

"మీ బావగారికి చెప్పమ్మా" అన్నారు డైరెక్టరు. "తీసేసిన మనిషి కేంద్రం పేరు చెప్పుకుని గడపగడపా తిరిగితే ఎలా? రేపు ఎవరైనా కోర్టుకెక్కితే?"

నలభై ఒక్క చిరునామాలు బావకి ఎవరిచ్చారని అడిగారు. ఎవరూ ఇచ్చి ఉండరు. మూడేసి రోజులు ఎదురుగా కూర్చున్న మనుషులు. ఎవరు ఏ వీధి నుంచి ఎన్ని బస్సులు మారి వచ్చేవాళ్ళో ఆయనకి నోటికి వచ్చు.

మధ్యాహ్నం పాత అభ్యర్థనల జాబితా తెరిచాను. వెతకనక్కర్లేదు. ఎక్కడుందో నాకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు.

రెండేళ్ళ క్రితం, రెండో డిస్కు వచ్చిన వారానికి, బావ రాశాడు: ‘లాగులో ఏ డిస్కు మాట్లాడుతోందో తెలియడం లేదు. రెండూ ఒకేలా ఉన్నాయి. వరుస ముందు పేరు పెట్టడానికి వీలవుతుందా? తొందరేమీ లేదు.’

దాని కింద నా జవాబు: ‘అవసరం లేదు. ఏ దీపం ఎక్కువ కొట్టుకుంటుందో చూసుకుంటే చాలు, కళ్ళున్నాయిగా. మూసివేయడమైనది.’

మార్చి 18

పొద్దున్న డాబా మీద బావ బట్టలు ఆరేస్తుంటే వెళ్ళాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఒక దుప్పటి అంచు పట్టుకున్నాను. ఇద్దరం కలిసి పిండాం.

"నువ్వు అడిగావు బావా. రెండేళ్ళ కిందట."

"అడిగాను."

"విచారణలో ఎందుకు చెప్పలేదు?"

దుప్పటి తాడు మీద వేసి, ముడతలు సర్ది, క్లిప్పులు పెట్టాడు.

"చెప్దామనే వెళ్ళాను. నువ్వు అప్పటికే లేదని చెప్పావంట. నేను ఉందంటే నిన్ను అబద్ధాలకోరుని చేసినట్టు. అయినా దీపం చూసింది నేను. తీసింది నేను."

"చూడమని చెప్పింది నేనే కదా."

"ఆ రోజు నీకు ఫోన్ చేద్దామనే అనుకున్నా మరదలా. నంబరు నొక్కి కూడా ఆపేశా. ‘పదిహేనేళ్ళ సర్వీసు, ఇది కూడా తెలీదా’ అంటావని." కొంచెం నవ్వాడు. "అంటావు కదా?"

అంటాను. తప్పకుండా అని ఉండేదాన్ని. అందరూ నవ్వేలా అని ఉండేదాన్ని కూడా.

"అక్కకి చెప్పేస్తాను" అన్నాను.

"వద్దు. మీ అక్క ఒక్కరి మీదైతే కోపం మొయ్యగలదు. ఇద్దరి మీదా పెట్టుకుంటే ఇంట్లో తనకి మాట్లాడ్డానికి ఎవరుంటారు?"

ఎన్ని ఇళ్ళు అయ్యాయని అడిగాను. పద్దెనిమిది అన్నాడు. పద్దెనిమిది ఇళ్ళలో ఆయన ‘నా చెయ్యి’ అని చెప్పాడు. నేనేమో అరవై మూడు చోట్ల డిస్కు నంబరు చేర్చి, పని చక్కగా వచ్చిందని కడుపునిండా తిన్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది. వేసిందని రాస్తే తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గలేదు.

మార్చి 19

బావ మాట వినలేదు.

పాత అభ్యర్థననూ నా జవాబునూ అచ్చు తీసి, ఒక ఉత్తరం రాసి డైరెక్టరుకిచ్చాను. అబద్ధం చెప్పానని రాశాను. ‘గుర్తులేదు’ అన్న మాట వాడలేదు.

ఆయన చాలాసేపు చదివారు. "రిపోర్టు పైకి వెళ్ళిపోయిందమ్మా. ఇప్పుడు తవ్వుకుంటే ఎవరికి లాభం? తిలాపాపం తలా పిడికెడు అనుకుని వదిలేద్దాం."

"పిడికెడు కాదండీ ఇది. ఆయన వాటా కూడా నాదే."

"ఇది తీసుకున్నానంటే నువ్వూ వెళ్ళాల్సి వస్తుంది."

"తీసుకోండి."

సొరుగులో పెట్టారు. మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళి, అందినట్టు సంతకం పెట్టి నకలు ఇవ్వమని అడిగాను. విసుక్కుంటూనే పెట్టారు.

అక్కకి భోజనాల దగ్గర చెప్పాను. మొత్తం చెప్పాను, దీపం సంగతితో సహా. అక్క నా మీద అరవలేదు. బావ కంచంలో ఇంకాస్త వడ్డించి, నీళ్ళు ఆయన వైపు జరిపింది. తర్వాత లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మార్చి 20

అక్క నాతో మాట్లాడడం లేదు.

మార్చి 21

నన్నూ సస్పెండ్ చేశారు. బావ ఉద్యోగం గురించి ‘పునఃపరిశీలిస్తాం’ అన్నారు. అడిగితే బావ తిరిగి వెళ్ళనంటున్నాడు. ఇప్పుడు అక్కడ కూర్చుని, నీళ్ళ గ్లాసందించి, మీ గొంతు భద్రంగా ఉంటుందండీ అని ఎవరికి చెప్పను అంటున్నాడు.

నా మార్పు మాత్రం నిన్ననే మిషనులోకి ఎక్కింది. ఇప్పుడు లాగులో ప్రతి వరుస ముందూ డిస్కు నంబరు వస్తోంది. చాలా స్పష్టంగా ఉందట. అక్కడ పనిచేసేవాళ్ళెవరో మెచ్చుకుంటూ సందేశం పంపారు.

మార్చి 23

రేపటి నుంచి నేనూ వస్తానని బావతో అన్నాను. మిగిలిన ఇళ్ళకి కలిసి వెళ్దాం, తర్వాత ఆయన ఇప్పటికే వెళ్ళొచ్చిన ఇళ్ళన్నిటికీ నేనొక్కదాన్నే వెళ్తానన్నాను. "ఎందుకూ?" అన్నాడు. జవాబు చెప్పకముందే "సరే, తొమ్మిదింటికి" అన్నాడు.

మార్చి 24

రెండు బస్సులు మారి, ఒక సందులో మేడ మీదికి ఎక్కాం. దర్జీ పనిచేసే ఆవిడ ఇల్లు. యాభై దాటి ఉంటాయి. మెడకి ఒక పల్చటి గుడ్డ చుట్టుకుని ఉంది. బావను చూడగానే ముఖమంతా విప్పారింది. కుట్టుమిషను మీదున్న బట్ట పక్కకి నెట్టి, మాకు రెండు స్టూళ్ళు వేసింది.

బావ నోరు తెరవబోతే నేను ఆపాను. వారం రోజులుగా లోపల నూరుకున్నదంతా చెప్పాను. దాచే ప్రోగ్రాము నాదని, ఏ డిస్కో చెప్పమని ఈయన అడిగితే వెక్కిరించానని, దీపం చూడమన్నది నేనేనని, అబద్ధం కూడా చెప్పానని. ఆవిడ చివరిదాకా వింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలంటే గొంతుండాలి కదా అన్న సంగతి అప్పుడు తోచి, నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆవిడ ఒక పీలిక ముక్క చేతికిచ్చింది, కళ్ళు తుడుచుకోమని.

తర్వాత ఒక నల్లగుడ్డ ఒళ్ళో పరుచుకుని, కొలతలు గీసే సుద్దతో రాసి నా వైపు తిప్పింది.

‘నా గొంతు ఎలా ఉండేది? ఇంట్లోవాళ్ళని అడిగితే బాగుండేది అంటారు. అంతే చెప్తారు. నువ్వు విన్నావా?’

ఆవిడ గొంతు నా ప్రోగ్రాములో ఎన్ని బ్లాకులో చెప్పగలను. ఎక్కడ మొదలయ్యేదో, ఎక్కడ ముగిసేదో చెప్పగలను. నలభై ఒక్క మందిలో ఒక్కరి గొంతు కూడా నేను వినలేదు. "లేదండీ" అన్నాను.

ఆవిడ బావ వైపు తిరిగింది.

బావ స్టూలు కాస్త ముందుకు జరుపుకున్నాడు. "కొంచెం బొంగురండీ మీది. పొద్దున పూట మరీ. వాక్యం మొదట్లో గట్టిగా ఎత్తుకుని, చివరికొచ్చేసరికి నెమ్మదిగా దించేసేవారు, బరువు కింద పెట్టినట్టు. ‘ర’ వస్తే చాలు, నొక్కి పలికేవారు. నవ్వొస్తే ముందు ముక్కులోంచి ఒక చిన్న చప్పుడు, ఆ తర్వాతే నవ్వు. నూట పన్నెండో వాక్యం దగ్గర అలాగే నవ్వారు. ఆపుకుందామని నాలుగుసార్లు చదివారు, నాలుగుసార్లూ నవ్వొచ్చింది. నాకూ వచ్చింది, అద్దానికి అవతల. పొండి, ఇక చదవనన్నారు."

ఆవిడ భుజాలు ఊగాయి. నోరు తెరిచి నవ్వుతోంది. గదిలో చప్పుడు లేదు.

గుడ్డ మీది సుద్ద చేత్తో దులిపేసి, ఒక్క మాట రాసింది. ‘ఇంకా.’

బావ చెప్పాడు. మూడో రోజు జలుబు చేసిందనీ, అయినా వాయిదా వేయనివ్వలేదనీ చెప్పాడు. దర్జీ పని చేతుల్తో చేసేదే కదా, గొంతు లేకపోతే ఏమైందిలే అని ఆవిడ అన్న మాట, ఆవిడ ఎలా అన్నదో అలాగే అనబోయి, రాక, ఆగిపోయాడు. పేర్లు చదివేటప్పుడు కాస్త ముద్దుగా పలికేవారన్నాడు. అంకెలు మాత్రం గబగబా చదివేసేవారన్నాడు. గుర్తుచేసుకుంటూ కళ్ళు మూసుకున్నాడు, ఒక్కో మాటే వెతికి తెచ్చి ఇచ్చాడు.

ఆవిడ ఆ గుడ్డనే మళ్ళీ పైకెత్తి చూపించింది. ‘ఇంకా.’

బావ ఆలోచించాడు. చాలాసేపు ఆలోచించాడు. ఆయన దగ్గర ఇంకేమీ లేదు.